స్పీకర్ పెట్టి గుడ్లగూబను పిలిచే నైట్ వాక్‌లు వద్దు

సంపాదకులకు,

డిసెంబరు మధ్య నుంచి శివరాత్రి దాకా బెంగళూరులోని తెలుగు కుటుంబాలు శుక్రవారం రాత్రి కార్లెక్కి సకలేశ్‌పూర్, చిక్కమగళూరు, మడికేరి, ఆగుంబె దారి పట్టే కాలం. మీ పత్రిక సెలవుల పేజీల్లోనూ ఈ ఊళ్లే ఎక్కువ కనిపిస్తాయి. కాఫీ ఎస్టేట్లలో బసకు వచ్చే ప్రకటనల్లో క్యాంప్ ఫైర్, జీప్ రైడ్ సరసన ఇప్పుడు ‘నైట్ వాక్ - గుడ్లగూబ గ్యారంటీ’ అనే మాట కూడా చేరింది. అడవి పక్షి విషయంలో గ్యారంటీ ఎలా కుదురుతుందో, దానివల్ల ఆ పక్షికి ఏమవుతుందో పాఠకులకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

గ్యారంటీ కిటుకు గైడ్ జేబులో ఉండే బ్లూటూత్ స్పీకర్. చీకటి పడ్డాక ఎస్టేట్ అంచున పదిమందిని నిలబెట్టి, రికార్డు చేసిన గుడ్లగూబ కూతను గట్టిగా వినిపిస్తారు. నాలుగైదు నిమిషాల్లో పక్షి వచ్చి కొమ్మ మీద వాలుతుంది. టార్చిలు వెలుగుతాయి, ఫొటోలు పడతాయి, అందరూ సంతోషంగా భోజనానికి వెళ్తారు. ఏడాదిలో ఏ నెలలో చేసినా ఇది మంచి పద్ధతి కాదు. డిసెంబరు నుంచి మార్చి వరకైతే మరీ చేటు. మనకు సెలవులు వచ్చే ఆ నెలల్లోనే పడమటి కనుమల పెద్ద గుడ్లగూబలు గుడ్లు పెట్టి పొదుగుతాయి.

ఆ వానడవుల్లో అన్నిటికన్నా పెద్దది స్పాట్ బెల్లీడ్ ఈగిల్ ఔల్. తెలుగులో స్థిరపడిన పేరు లేదు కాబట్టి చుక్కల పొట్ట గుడ్లగూబ అందాం. 1836లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు హాడ్జ్‌సన్ నేపాల్ నుంచి దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. హిమాలయాల దిగువ అడవుల నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, వియత్నాం దాకా ఒక వైపు, పడమటి కనుమల్లోనూ శ్రీలంకలోనూ ఇంకో వైపు ఉంటుంది. పొడవు దాదాపు రెండడుగులు. ఊళ్ల పక్క రాళ్లగుట్టల మీద కనిపించే కొమ్ముల గుడ్లగూబకు కళ్లు పసుపు, నారింజ రంగుల్లో మెరుస్తాయి. దీనివి ముదురు గోధుమరంగు కళ్లు, దూరం నుంచి నల్లగానే అనిపిస్తాయి. తల మీద రెండు ఈకల కుచ్చులు పక్కలకు వాలి ఉంటాయి. వాటికీ వినికిడికీ సంబంధం లేదు, చెవులు ముఖం పక్కన ఈకల కింద ఉంటాయి. తెల్లని పొట్ట మీద వరసగా నల్లటి గుర్తులు, వేళ్ల దాకా ఈకలు కప్పిన కాళ్లు. అడవికోళ్లను, కుందేళ్లను, పునుగుపిల్లులను కూడా పట్టగలిగే బలం ఆ కాళ్లది.

ఇంత బలమైన పక్షి సాధారణంగా పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. పెద్ద చెట్టు తొర్రలోనో, గద్దలు వదిలేసిన పాత గూటిలోనో, కొండ చరియ సందులోనో పెడుతుంది. ఆ ఒక్కటీ చల్లబడినా, కాకి ఎత్తుకుపోయినా ఆ జంటకు ఆ ఏడాది అంతటితో సరి. ప్రపంచం మొత్తం మీద ఈ జాతి అంతరించే ముప్పున్న పక్షుల పట్టికలో లేదన్నది నిజమే. కానీ ఒక ఎస్టేట్ పక్క అడవిలో ఉండేది ఒక జంటే అయినప్పుడు, వారం వారం స్పీకర్ మోగితే ఆ చోట ఏమవుతుందో ఆ పట్టిక చెప్పదు.

స్పీకర్ శబ్దాన్ని గుడ్లగూబ పాటలా వినదు. మన పొలం గట్టు మీద పరాయివాడు నిలబడి ‘ఇది నాది’ అని కేకలేస్తే మనం పని వదిలి ఎలా పరుగెత్తుతామో, మగపక్షి కూడా వేట ఆపి అలాగే వస్తుంది. ఆ సమయంలో దాని పని తొర్రలో గుడ్డు మీద కూర్చున్న ఆడపక్షికి తిండి తేవడం. ఒక్కోసారి ఆడది కూడా గుడ్డు వదిలి బయటికి వస్తుంది. జనవరి రాత్రుల్లో కొడగులో చలి ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు.

దీనికి తోడు గైడ్లు తరచూ చేసే పొరపాటు ఇంకొకటుంది. రెండు నిమిషాలు కూత పెట్టి, ఏమీ రాలేదనుకుని శబ్దం పెంచుతారు. నిజానికి పక్షి అప్పటికే వచ్చి తలపైనే కూర్చుని ఉండవచ్చు. గుడ్లగూబ రెక్కల్లో బయటి పెద్ద ఈకల ముందంచుకు దువ్వెన పళ్లలాంటి సన్నని అంచు ఉంటుంది, ఈకల పైభాగం ముఖమల్‌లా మెత్తగా ఉంటుంది, వెనకంచున కుచ్చు ఉంటుంది. ఈ మూడూ కలిసి గాలి చప్పుడును మింగేస్తాయి. వచ్చి వాలినా, లేచి వెళ్లినా మన చెవికి తెలియదు. కాబట్టి ‘రాలేదు’ అని గైడ్ చెప్పిన రాత్రి కూడా ఆ పక్షికి జరిగే నష్టం జరిగే ఉంటుంది. చిన్న గుడ్లగూబల కూత పెడితే ఇంకో ప్రమాదం. పెద్దవి చిన్నవాటిని తింటాయి. కూతకు బదులు పలికిన చిన్న పక్షి తానెక్కడుందో పెద్దదానికి తానే చెప్పినట్టవుతుంది.

అసలు స్పీకర్ అవసరమే లేదు. గుడ్లగూబలు తమంతట తాము కూస్తాయి, గుడ్లు పెట్టే కాలంలో ఎక్కువగా కూస్తాయి. వినే పద్ధతి తెలిస్తే చాలు. ఎస్టేట్‌కు వెళ్లే ముందు ఇంట్లోనే హెడ్‌ఫోన్ పెట్టుకుని జీనో-కాంటో లాంటి పక్షి కూతల వెబ్‌సైట్లో నాలుగైదు జాతులవి విని గుర్తుపెట్టుకోండి. అక్కడికి వెళ్లాక ఫోన్ జేబులోంచి తీయకండి. కొన్ని పక్షుల యాప్‌లలో కూతను పట్టి పేరు చెప్పే సదుపాయం, అదే పేజీలో నమూనా కూతను వినిపించే మీట పక్కపక్కనే ఉంటాయి. పొరపాటున వేలు తగిలినా మోగుతుంది, అందుకే మీడియా శబ్దాన్ని సున్నా చేసి ఉంచండి.

వేళ ముఖ్యం. జనవరిలో అక్కడ సూర్యుడు ఆరుంబావు ప్రాంతంలో అస్తమిస్తాడు. ఆ వెంటనే వెళ్తే ఇలకోళ్ల రొదలో ఏమీ వినపడదు. రొద తగ్గే వరకు ఆగి, ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఒకసారి, తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరు దాకా ఇంకోసారి వినండి. రెండోదే మేలు. ఆ వేళకి జనరేటర్లు ఆగి ఉంటాయి, పక్క గదుల్లో పాటలు ఆగి ఉంటాయి. గాలి ఉన్న రాత్రి, మంచు ఆకుల మీంచి టపటపా రాలుతున్న రాత్రి వెళ్లి ప్రయోజనం తక్కువ. వెన్నెల ఉండి గాలి లేకపోతే అంతకన్నా ఏం కావాలి. నలుగురైదుగురికి మించి వద్దు. నైలాన్ జాకెట్లు చేతులు కదిపినప్పుడల్లా కరకరమంటాయి, నూలు స్వెట్టరో ఉన్నిదో వేసుకోండి.

కూత వినపడగానే టార్చి వేసుకుని అటు నడవడం అందరూ చేసే తప్పు. పక్షి మనల్ని ఎప్పుడో చూసి ఉంటుంది, నోరు మూసుకుంటుంది. దానికి బదులు ఇద్దరు దారి మీదే యాభై అడుగుల ఎడంలో నిలబడండి. రెండు అరచేతులూ చెవుల వెనక దొప్పలా పెట్టి, తలను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ శబ్దం ఎక్కడ గట్టిగా ఉందో పట్టండి. తర్వాతి కూత రాగానే ఇద్దరూ చెయ్యి చాచి దిక్కు చూపించి అలాగే ఆగాలి. ఇద్దరి చేతుల గీతలూ కలిసే చోటు దగ్గర పక్షి ఉన్నట్టు. రెండు చేతులూ సమాంతరంగా ఉంటే పక్షి చాలా దూరంలో ఉందన్నమాట, ఎడం ఇంకా పెంచి చూడండి. పిల్లలకు ఈ ఆట భలే నచ్చుతుంది. నగరంలోనే ముందుగా సాధన చేయిస్తే ఇంకా మంచిది. లాల్‌బాగ్‌లో పాత చెట్ల మీద పైడికంటెలు మసక చీకట్లోనే కిచకిచలాడుతుంటాయి, వాటితో మొదలుపెట్టవచ్చు.

కూతల సంగతి. చుక్కల పొట్ట గుడ్లగూబది లోతైన ఒక్క ‘హూ’, రెండు క్షణాల మౌనం, మళ్లీ ‘హూ’. బరువైన గొంతు, తొందర లేదు. అప్పుడప్పుడూ ఇదే పక్షి మనిషి ఏడ్చినట్టు, గొంతు చించుకున్నట్టు అరుస్తుంది. శ్రీలంకలో ‘ఉలమా’ అనే దెయ్యపు పిట్ట కథలకు మూలం ఈ అరుపేనని చాలామంది పక్షి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. బ్రౌన్ వుడ్ ఔల్ ‘టొక్... టు-హూ’ అని మెత్తగా, సంగీతంలా పలుకుతుంది. దానికి తల మీద కుచ్చులుండవు, ఛాతీ కిందంతా సన్నని అడ్డచారలు. బ్రౌన్ బూబుక్ అనే గుడ్లగూబ ‘ఊ-ఉక్, ఊ-ఉక్’ అని ఒక్కో జతలో రెండో ముక్కను ఎత్తి, ఆరు నుంచి ఇరవై సార్లు వరసగా కూసి ఆపేస్తుంది. చిన్న స్కాప్స్ గుడ్లగూబల్లో ఒకటి కప్పలా ‘వట్?’ అని ప్రశ్న అడిగినట్టు, ఇంకొకటి ‘టుక్-టొక్-టొర్ర్’ అని మూడు ముక్కల్లో అంటాయి. వాగు పక్కన లోతైన ‘బూమ్’ వినిపిస్తే తొందరపడి చుక్కల పొట్టది అని రాసేసుకోకండి. చేపలు పట్టే బ్రౌన్ ఫిష్ ఔల్ కావచ్చు. దాని కళ్లు పసుపు, కాళ్లకు ఈకలుండవు.

ఎక్కడ నిలబడాలన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం. సకలేశ్‌పూర్, ఆలూరు, కొడగు కాఫీ తోటల్లో ఏనుగులు రాత్రిళ్లు తిరుగుతాయి. కాఫీ మొక్కల మధ్య కదలకుండా నిలబడ్డ ఏనుగు పది గజాల్లో ఉన్నా చీకట్లో తెలియదు. కాబట్టి బంగళా కనిపించే దూరంలో, ఎస్టేట్ జీపు దారి మీదే ఉండండి. ఆ రోజు ఏనుగులు ఎటున్నాయో తెలిసిన ఎస్టేట్ మనిషి తోడు లేకుండా అడుగు బయట పెట్టొద్దు. అభయారణ్యాలు, టైగర్ రిజర్వుల్లోకి రాత్రి అనుమతి లేకుండా వెళ్లడం నేరం, అది ఎవరు తీసుకెళ్లినా సరే. బందీపూర్ దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలపై 2009 నుంచి ఉన్న నిషేధం కూడా వన్యప్రాణుల కోసమే.

ఇక టార్చి. వెయ్యి ల్యూమెన్ల టార్చిని గుడ్లగూబ ముఖం మీద నిలపడం ఈ నైట్ వాక్‌లలో మామూలైపోయింది. వెలుతురు నుంచి చీకట్లోకి వెళ్తే మన కళ్లు పూర్తిగా అలవాటు పడటానికే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మసక వెలుతురు కోసమే తయారైన పెద్ద కంటికి అంత కాంతి తగిలితే, ఆ తర్వాత కొంతసేపు అది వేటాడలేదు, కొమ్మల మధ్య సరిగా ఎగరనూ లేదు. దాని కళ్లు కంటి గుంటల్లో బిగుసుకుని ఉంటాయి, మనలా పక్కకు తిప్పుకోలేదు. తలను తిప్పాలి, లేదా ఎగిరిపోవాలి.

మామూలు నడకకు రెండు వందల ల్యూమెన్ల లోపు టార్చి చాలు. అద్దం మీద ఎర్రని సెలోఫేన్ కాగితం రెండు పొరలు వేసి రబ్బర్ బ్యాండ్ బిగించండి. వెలుగు నేల మీదే ఉండాలి, పాములను చూసుకోవడానికి ఎలాగూ అదే కావాలి. కొమ్మ మీద పక్షి ఉందని తెలిస్తే కాంతి మధ్యభాగాన్ని దానికి అడుగు పక్కన పెట్టి, అంచు వెలుగులో ఒక నిమిషం చూసి ఆర్పేయండి. కెమెరా ఉంటే ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్‌ఓ 6400, షట్టర్ సెకనులో ముప్పయ్యో వంతు ప్రాంతంలో ప్రయత్నించండి. కూర్చున్న గుడ్లగూబ కదలదు, ఆ వేగం సరిపోతుంది. ఫ్లాష్ ఆపేసి, దాంతోపాటు ఆటోఫోకస్ సహాయక దీపాన్ని కూడా మెనూలోకి వెళ్లి ఆపేయాలి. చాలామంది ఫ్లాష్ ఆపి దీన్ని మరిచిపోతారు. ఫొకస్ చేసిన ప్రతిసారీ అది పక్షి ముఖం మీదికి కొడుతుంది.

పగటిపూట ఇబ్బంది వేరు. పడమటి కనుమల్లో శ్రీలంక బే ఔల్ అనే చిన్న గుడ్లగూబ ఉంది, అడుగు కన్నా కొంచెం తక్కువ పొడవు. కేరళ నెల్లియాంపతి కొండల్లో దొరికిన పక్షిని బట్టి ఇక్కడి ఉపజాతిని వర్ణించి, దానికి అమెరికా పక్షి శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లీ పేరు పెట్టారు. మన అపార్ట్‌మెంట్ డక్టుల్లో గూడు పెట్టే తెల్లముఖం బార్న్ ఔల్‌కు ఇది దగ్గరి బంధువు. పగలంతా దట్టమైన ఆకుల గుబురులో మనిషి ఎత్తుకు కాస్త పైన కదలకుండా కూర్చుంటుంది. కేరళలోని తట్టెక్కాడ్ పక్షుల అభయారణ్యం లాంటి చోట్ల ఎక్కువమంది చూడాలనుకునే ఫ్రాగ్‌మౌత్ కూడా ఇంతే. రాత్రిపక్షే గానీ అది గుడ్లగూబ కాదు. ఎండుటాకు రంగులో జంటగా ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటుంది. దానిదీ ఒక్కటే గుడ్డు. నాచు, చెట్టు బెరడు పొట్టు, సొంత నూగుతో చేసిన అరచేతిలో పట్టేంత మెత్త మీద ఆ గుడ్డును పగలు పొదిగేది మగపక్షి. పొద్దున పదిగంటలకు దాన్ని లేపితే గుడ్డుకు కాపలా పోయినట్టే.

ఇక్కడ జరిగే పాడుపని, ఫొటోకు అడ్డొస్తోందని ముందున్న ఆకును తుంచడం. ఒకరు ఒక ఆకు, ఇంకొకరు ఒక రెమ్మ తుంచుతారు. సాయంత్రానికి ఆ పక్షి దాక్కున్న గుబురుకు కిటికీ తెరిచినట్టవుతుంది. దాన్నుంచి ఎండ తగులుతుంది, షిక్రా డేగ చూస్తుంది, ఏట్రింతలు బులుబులు పిట్టలతో కలిసి దాని చుట్టూ చేరి గోల పెట్టి తరుముతాయి. పదిహేను ఇరవై అడుగుల దూరం నుంచి, ఐదు నిమిషాలు చూసి వచ్చేయండి. పక్షి ఒళ్లు సన్నగా సాగదీసి, కళ్లను గీతలా మూసి, కుచ్చులు నిక్కబొడిస్తే అది నిద్ర అనుకోకండి, మిమ్మల్ని చూసి చెట్టు మొద్దులా కనిపించాలని చేసే ప్రయత్నం. ముక్కు టకటకలాడించినా, తల కిందికీ పైకీ ఊపినా అంతే. వెంటనే వెనక్కి తగ్గండి. వెనక్కి తిరిగి పరుగెత్తక్కర్లేదు, చూపు పక్కకు తిప్పుకుని మెల్లగా నడిస్తే చాలు.

మీ పాఠకుల్లో ఎస్టేట్లలో వాటా ఉన్నవాళ్లు, కౌలుకు తీసుకుని బసలు నడిపేవాళ్లు కూడా కొందరున్నారు. వాళ్లకు ఒకమాట. గుడ్లగూబ గూడు అల్లుకోదు, తొర్ర దొరికితేనే గుడ్డు. చుక్కల పొట్టది పట్టేంత తొర్ర రావాలంటే చెట్టు చాలా ముసలిదై, ఒక పెద్ద కొమ్మ విరిగి, ఆ గాయం లోపలికి దశాబ్దాలపాటు కుళ్లాలి. తాని, పనస, జువ్వి, నేరేడు లాంటి పాత నీడచెట్లలో ఇది జరుగుతుంది. కొడగులో చాలా తోటల్లో వాటి స్థానంలో వేసిన సిల్వర్ ఓక్ నిటారుగా, త్వరగా పెరుగుతుంది, మిరియాల తీగకు బాగుంటుంది, కలపగా కొట్టడమూ సులభమే. తొర్ర పడే వయసు దాకా దాన్ని ఎవరూ ఉంచరు. రాబడి లెక్క మాకు తెలియనిదేమీ కాదు. అన్ని చెట్లూ ఉంచమనడం లేదు, తొర్ర ఉన్న ముసలి చెట్టు, పై కొమ్మలు ఎండినా సరే, దాన్ని మాత్రం వదిలేయండి. బస చేసే చోటి మీద, కూలీల దారి మీద పడే ప్రమాదం ఉంటే ఎండు కొమ్మలను కోసి, మొదలు తొర్రతో సహా నిలబెట్టవచ్చు.

కాఫీ కోత అయ్యాక వానలకు ముందు కొమ్మలు కొట్టించే రోజుల్లో తొర్రల్లో పిల్లలుంటాయి. కొట్టేముందు చెట్టు కింద చూడండి. సున్నం చల్లినట్టు తెల్లటి రెట్ట, దాని దగ్గర బూడిదరంగులో బొచ్చు ఉండలు ఉన్నాయంటే పైన గుడ్లగూబ ఉంది. ఉండను పుల్లతో విడదీస్తే లోపల ఎలుక దవడలు, పళ్లతో సహా, శుభ్రంగా కడిగినట్టు కనిపిస్తాయి. అది మలం కాదు, అరగని ఎముకలూ బొచ్చూ నోటి నుంచి కక్కిన ముద్ద. అలా కనిపిస్తే వరసగా రెండు సాయంత్రాలు చెట్టుకు దూరంగా కూర్చుని, చీకటి పడే వేళ పక్షి బయటికి వస్తుందేమో చూసి, వస్తే ఆ చెట్టు పని వానాకాలం తర్వాతకు వాయిదా వేయండి.

ఎలుకల మందు సంగతి చాలామందికి తట్టదు. గోడౌన్లలో పెట్టే బ్రొమాడియొలోన్ బిళ్లల్లో మందు 0.005 శాతమే. కానీ దాన్ని తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టే గుణం పోయి, కొన్ని రోజులపాటు మత్తుగా, నెమ్మదిగా బయట తిరుగుతుంది. గుడ్లగూబకు అన్నిటికన్నా సులువుగా చిక్కేది అదే. అలాంటివి కొన్ని తింటే పక్షి లోపల రక్తం కారి చస్తుంది. ఎలుకలను తగ్గించే పక్షిని మందుతో చంపి, మళ్లీ మందు కొనుక్కోవడం ఏం లాభం? అర అంగుళం దాటిన సందులన్నిటికీ ఇనుపరేకు కొట్టించి, బోనులూ స్ప్రింగు ఉచ్చులూ వాడండి. మందు తప్పదంటే గోడౌన్ లోపల మూత ఉన్న పెట్టెల్లోనే పెట్టి, రోజూ పొద్దున చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టించండి.

తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్కన గుడ్లగూబ కనిపించడం అసాధారణమేమీ కాదు. లారీల నుంచి రాలిన ధాన్యానికి ఎలుకలు వస్తాయి, వాటికోసం ఇవి తక్కువ ఎత్తులో రోడ్డు దాటుతాయి. ఘాట్‌లో రాత్రి నలభై దాటకుండా నడపండి, కూర్చుని ఉంటే హెడ్‌లైట్ డిమ్ చేసి ఆగండి. దెబ్బ తగిలిన పక్షి దొరికితే పైనుంచి మందపాటి తువ్వాలు కప్పి, ముక్కుకన్నా ముందు కాళ్లను అదుపు చేయండి, గాయం చేసేది గోళ్లే. పెద్ద జాతి అయితే తోలు చేతొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. గాలి రంధ్రాలు పెట్టిన అట్టపెట్టెలో అడుగున గుడ్డ పరిచి ఉంచి, మూత వేసి, చీకట్లో, చప్పుడు లేని చోట పెట్టండి. నీళ్లు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, అన్నం, రొట్టె ఏదీ పెట్టకండి. కర్ణాటకలో అటవీ శాఖ సహాయవాణి 1926కు ఫోన్ చేసి అప్పగించండి. ఒకటి రెండు రోజులు ఇంట్లో సాకుదాం అన్నా చట్టం ఒప్పుకోదు. ఈకలు సరిగా రాని పిల్ల చెట్టు కింద కనిపిస్తే మాత్రం తొందరపడి తెచ్చేయకండి. ఎగరకముందే గూడు దాటి కొమ్మల మీద తిరగడం వాటికి అలవాటు, కొన్ని జారి పడతాయి. ఒంటి మీద రక్తం లేకపోతే కుక్కలకు అందని కొమ్మ మీద పెట్టి దూరంగా వచ్చేస్తే తల్లి రాత్రికి తిండి పెడుతుంది.

చట్టం మాట వచ్చింది కాబట్టి బసలు నడిపేవాళ్లకు తెలియాల్సిన సంగతి ఒకటి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేటకు ఇచ్చిన నిర్వచనంలో పక్షుల గుడ్లను పాడుచేయడమే కాదు, గుడ్లనూ గూళ్లనూ ఇబ్బంది పెట్టడం కూడా ఉంది. ‘ఇది మా పట్టా భూమి’ అనే జవాబు ఇక్కడ చెల్లదు. దీపావళి ముందు క్షుద్రపూజల కోసం గుడ్లగూబలను పట్టి అమ్మేవాళ్లు సరిగ్గా ఇలాంటి గూళ్ల జాడ కోసమే చూస్తుంటారు. ఫొటో పెట్టేటప్పుడు ఫోన్‌లో లొకేషన్ ఆపేయండి, ఊరి పేరు బదులు జిల్లా పేరు చాలు. చూసిన పక్షుల వివరాలు రాసుకునే ఈబర్డ్ వెబ్‌సైట్లో నమోదు చేసేటప్పుడు కూడా గూటి స్థలాన్ని మ్యాప్‌లో గుచ్చకండి.

బస బుక్ చేసే ముందు ఫోన్‌లో రెండు ప్రశ్నలు అడిగితే సగం తెలిసిపోతుంది. ‘గుడ్లగూబ తప్పకుండా కనిపిస్తుందా?’ అంటే ‘తప్పకుండా’ అన్నవాళ్ల దగ్గర స్పీకర్ ఉన్నట్టే. ‘స్పీకర్ వాడతారా?’ అంటే ‘ఒక్కసారే, కొంచెంసేపే’ అంటారు. అలాంటి బృందాలు ఆ రాత్రి ఎన్ని వస్తాయో, ఆ వారంలో ఎన్నో కూడా అడగండి.

మీ సెలవుల పేజీకి మా విన్నపం ఇది. గుడ్లగూబల గురించి రాసినప్పుడు చెట్టు ఆనవాళ్లు, గూటి దారి రాయకండి. కళ్లు ఎర్రగా మెరుస్తున్న ఫ్లాష్ ఫొటోలు వేయకండి, వాటిని చూసే మిగతావాళ్లు అలాగే తీస్తారు. ‘గ్యారంటీ’ ప్రకటన పక్కనే మీ కథనం వస్తే, స్పీకర్ గురించిన ఒక పెట్టె వార్త దాని కింద వేయండి, పైన చెప్పిన వివరాల్లోంచి ఎన్నైనా వాడుకోవచ్చు. ఇంకొక చిన్న సవరణ కూడా. ఫ్రాగ్‌మౌత్ జంట ఫొటో కింద ‘చిన్న గుడ్లగూబలు’ అని పత్రికల్లో తరచూ పడుతుంటుంది. వెడల్పాటి కప్పనోరు, పొట్టి కాళ్లు, ముక్కు చుట్టూ మీసాల్లాంటి ఈకలు చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇట్లు,
బెంగళూరులోని కొందరు తెలుగు పక్షి పరిశీలకులు